చిన్నపిల్లలకు పార్కు ఒక బడి

ఈ పాఠమును మూడేండ్లు మొదలుకొని ఆరేండ్ల లోపు పిల్లలున్న కుటుంబముల కొరకు రాస్తున్నాము. ముఖ్యముగా కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు షిఫ్టు పనికి పరుగెత్తిపోతే పొద్దుననుండి సాయంత్రము వరకు ఆ పసివాళ్ళను సాకుతున్న అవ్వలు, తాతలు దీనిని శ్రద్ధగా చదవవలెనని మనవి. చదువు రాని అవ్వలకు ఎవరైనా చదివి వినిపించండి. మాకు చదువు రాదే, మేమేమి నేర్పగలమని వెనుకాడవద్దు. ఈ పాఠమునకు పలక, బలపము అక్కరలేదు.

మొదట ఒక చిన్న సంగతి. అంచెట్టిలో మాకు తెలిసిన ఒక ఇంట నాలుగేండ్ల పాప ఉండేది. తల్లిదండ్రులు ఇద్దరికీ హోసూరులో కంపెనీ పని. వారమంతా పాప అవ్వ దగ్గరే. ఒకనాడు ఆ ఇంటిముందున్న చింతచెట్టు నీడలో కూర్చొని మాట్లాడుతూ, "పాపా, ఇది ఏమి చెట్టు?" అని అడిగాము. "ట్రీ" అన్నది. అవ్వ మురిసిపోయింది. "ఏ ట్రీ?" అన్నాము. పాప తల పైకెత్తి చాలాసేపు చూసి, "బిగ్ ట్రీ" అన్నది.

ఆ చెట్టు పండుతోనే ఆ ఇంట ఏడాది పొడుగునా పులుసు కాగుతుంది. ఆ చెట్టు చిగురుతోనే అవ్వ పప్పు చేస్తుంది. అదే పాప నర్సరీ పుస్తకములో ఆపిల్ పండు బొమ్మ చూపించి గడగడా పేరు చెప్పింది. ఆపిల్ చెట్టును ఆ పాప చూడలేదు. మాటకు చెప్పాలంటే మేమూ చూడలేదు. తప్పు పాపది కాదు. చెట్టు కింద కూర్చున్న పెద్దవాళ్ళలో ఒక్కరైనా ఆ పాపకు చెట్టును చూపించలేదు, అంతే. ఆ పెద్దలలో మేము కూడా ఉన్నాము.

ఆరేండ్ల లోపల

మన ప్రాంతమును పూర్వము మొరసునాడు అనేవారు. ఇక్కడ ఒకే వీధిలో తెలుగు, కన్నడము, తమిళము మూడూ వినబడతాయి. సంతలో బేరమాడే ముసలివాళ్ళు ఒక వాక్యము ఒక భాషలో మొదలుపెట్టి మరొక భాషలో ముగిస్తారు. ఇది లోపము కాదు, ఈ నేలకు ఉన్న సంపద. అయితే పిల్లలు బడికి చేరిన తరువాత సంగతి వేరు. తమిళనాడులో 2006లో చేసిన చట్టము ప్రకారము 2006–07లో ఒకటో తరగతి మొదలుకొని ఏటేటా ఒక్కొక్క తరగతికి తమిళము తప్పనిసరి పాఠ్యభాష అయినది. తెలుగువారి వంటి అల్పసంఖ్యాక భాషలవారి మినహాయింపుల సంగతి కోర్టుల వరకు వెళ్ళినది. తమిళము మీద మాకు ఏ కినుకా లేదు. అన్నము పెట్టిన నేల భాషను చక్కగా నేర్చుకోవలసినదే. మా మనుమలు మాకంటె బాగా తమిళము రాస్తారని చెప్పుకొనుటకు మాకు సంతోషమే.

కాని బడికి పోయిన పిల్లకు పగలు తమిళము, ట్యూషనులో ఇంగ్లీషు, ఇంట్లో టీవీ. తెలుగుకు మిగిలేది అన్నము తిను, నీళ్ళు పోసుకో, పడుకో అనే మూడు మాటలు. కావున ఆరేండ్ల లోపలి కాలము ఒక్కటే పూర్తిగా మన చేతిలో ఉన్నది. ఆ కాలమును కూడా చాలామంది డబ్బు కట్టి మరొకరికి అప్పగించుచున్నారు. ఒక ఊరిలో మేము చూసిన నర్సరీలో పది అడుగుల గది, ఒకే కిటికీ, ముప్పైమంది పిల్లలు. చేతులు కట్టుకొని నోటిమీద వేలు వేసుకొని కూర్చున్నారు. గోడకు అవతల ఖాళీ స్థలము, అందులో రెండు కానుగచెట్లు. అక్కడికి పిల్లలను ఎందుకు పంపరని అడిగితే, "ఆడుకోవటానికి కాదండీ, చదువుకోవటానికి పంపిస్తున్నారు" అని జవాబు.

ఈ జవాబు చెప్పినవారు తమ బడి బోర్డు మీద ఎల్‌కేజీ, యూకేజీ అని పెద్ద అక్షరములతో రాసుకొన్నారు. ఆ "కేజీ" అంటే కిండర్‌గార్టెన్. అది జర్మను మాట, అర్థము పిల్లల తోట. ఫ్రోబెల్ అనే ఆయన 1837లో జర్మనీలో ఒక చిన్న ఊరిలో పసిపిల్లల కొరకు బడి పెట్టి, 1840లో దానికి ఈ పేరు పెట్టాడు. పేరుకు మాత్రమే తోట కాదు. పిల్లలు తమ చేతులతో విత్తనాలు వేసి నీళ్ళు పోసి పెంచుటకు తలా ఒక చిన్న మడి ఇచ్చే పద్ధతి ఆయనది. మన దగ్గరకు వచ్చేసరికి తోట పోయి, అక్షరములు రెండే మిగిలినవి.

మన దేశములో కూడా ఈ సంగతి తెలిసినవారు ఉన్నారు. గుజరాతులో గిజుభాయి బధేకా 1920లో భావనగరులో బాలమందిరము పెట్టాడు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీ అనే పల్లెకు వెళ్ళినది. ఆమెకు తోడుగా అనుతాయి వాఘ్ అనే ఉపాధ్యాయిని చేరినది. పేదపిల్లలు బడికి రారని తెలిసి, బడినే వారి పేటలోని ముంగిళ్ళకు తీసుకుపోయారు. ముంగిలిలో నడిచే ఆ బడికి వచ్చిన పేరే అంగన్‌వాడి. మనము తెలుగులో అంగణము అనే మాటే అది. తరువాత కోస్‌బాడ్ కొండ ప్రాంతములో వార్లీ గిరిజనుల మధ్య పనిచేసినప్పుడు, పశువులు కాసే పిల్లలు పశువులను విడిచి రాలేరు గనుక, పచ్చికబయలులోనే బడి నడిపారు. ఈ మాట మన అంచెట్టివారికి విడమర్చి చెప్పనక్కరలేదు. గొర్రెలు, మేకల వెనుక తిరిగే పిల్లలను మనము రోజూ చూస్తూనే ఉన్నాము. కేంద్ర ప్రభుత్వము 1975 అక్టోబరు 2న 33 చోట్ల మొదలుపెట్టిన శిశు అభివృద్ధి పథకము ద్వారా అంగన్‌వాడి అన్న పేరు దేశమంతటా పాకినది. పేరు ముంగిలి, పని మాత్రము చాలాచోట్ల గది లోపలే.

మాంటిస్సోరి అమ్మగారి పేరు మీలో చాలామంది వినియుందురు. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి, యుద్ధము వలన ఇక్కడే చిక్కుకొని, కొంతకాలము కొడైకెనాల్‌లో ఉన్నది. ఆ కొండల మీద పిల్లలతో ఆమె చేసిన పనిలో చెట్లు, చేమలు, పురుగులు పెద్ద భాగము. ఇంత పెద్దవారు చెప్పిన సంగతిని మనము చిన్న ఖర్చుతో, అసలు ఖర్చే లేకుండా, చేయగలము.

పార్కు అంటే ఏది?

పార్కు అనగానే ఇనుప గేటు, రంగుల ఉయ్యాల, సిమెంటు జింక కళ్ళముందు కనబడతాయి. హోసూరు, కృష్ణగిరి, బెంగళూరు పట్టణములలో ఉన్నవారికి అట్టి పార్కు నడిచిపోయే దూరములో ఉండవచ్చును. అంచెట్టి వంటి ఊళ్ళలో పార్కు పని చేసేది చింతల నీడ, బడి మైదానము, రచ్చకట్ట దగ్గరి మర్రి. అందరికీ చెందిన స్థలము, నీడ, మట్టి, నాలుగు రకముల చెట్లు, వాహనములు రాకుండుట. ఈ ఐదూ ఉంటే అది పార్కే. ఉయ్యాల ఉంటే మంచిదే గాని, ఉయ్యాల ఉన్నచోట పిల్లలు మరి దేనినీ చూడరని మా అనుభవము.

పట్టణములలో కొత్త లేఅవుట్లలో స్థలములు కొన్నవారికి ఒక మాట. 2019 నాటి తమిళనాడు భవన నియమముల ప్రకారము 10,000 చదరపు మీటర్లకు మించిన లేఅవుటులో పదో వంతు బహిరంగ స్థలముగా విడవవలెను. పటములో అది పచ్చరంగుతో ఉంటుంది. వెళ్ళి చూస్తే ఇసుక, కంకర గుట్టలు ఉంటాయి. రోజూ పదిమంది పిల్లలు, నలుగురు ముసలివాళ్ళు వచ్చి కూర్చునే స్థలమును ఆక్రమించుట కష్టము. ఫిర్యాదు కాగితము ఇవ్వవలసిందే, కాని ముందుగా చాప తీసుకుపోయి కూర్చోండి.

చెట్టుకు చార్టు తగిలించిన సంగతి

మేము 1980 ప్రాంతములో ఉపాధ్యాయ శిక్షణ పొందినప్పుడు హెర్బార్టు పంచ సోపానములు అని నేర్పారు. సన్నాహము, ప్రదర్శన, పోలిక, సూత్రీకరణ, అన్వయము. ప్రతి పాఠమునకు కాగితము మీద ఈ ఐదు మెట్లు రాసి, ప్రధానోపాధ్యాయునిచేత సంతకము పెట్టించుకొని గదిలోకి పోవాలి. ఆ అలవాటు ఎముకలకు పట్టినది. కావున మొదటిసారి చిన్నపిల్లలను ఎనిమిదిమందిని చింతతోపుకు తీసుకుపోయినప్పుడు, "ఆకు" అనే పాఠము ఐదు మెట్లతో రాసుకొని, ఆకుల బొమ్మల చార్టు ఒకటి పట్టుకుపోయాము. ఆ చార్టును మేకు కొట్టి చింతచెట్టుకే తగిలించాము. వేలకొలది ఆకులున్న చెట్టుకు ఆకు బొమ్మ తగిలించిన ఘనులము మేమే.

రెండో మెట్టు దగ్గరకు వచ్చేసరికి మా ఎదుట ఒక్క పిల్ల లేదు. ఎనిమిదిమందీ వేరు దగ్గర చీమల బారు చుట్టూ బోర్లా పడుకొని యున్నారు. చచ్చిన జెర్రిని చీమలు లాక్కుపోతున్నాయి. "పెద్దదాన్ని చిన్నవి ఎట్లా లాగుతాయి?" అని ఒకడు అడిగాడు. "అందరూ కలిసి కదా" అని ఒక పిల్ల. "ఏ ఇంటికి పోతాయి?" అని మరొకడు. అరగంట అదే పని. మేము చార్టు చుట్టి సంచిలో పెట్టుకొని వాళ్ళ పక్కన కూర్చున్నాము. మేము ఆనాడు చేసిన మంచి పని అది ఒక్కటే.

అప్పటినుండి మా పద్ధతి మారినది. పాఠము తీసుకుపోము. అక్కడ ఏది కనబడితే దానికి మాట అందిస్తాము. పిల్ల చూస్తున్న దానిని మనమూ చూడవలెను, దాని పేరు మన భాషలో చెప్పవలెను, ఒక ప్రశ్న అడిగి నోరు మూసుకొనవలెను. ఈ నోరు మూసుకొనుట ఉపాధ్యాయులుగా పనిచేసినవారికి అన్నిటికంటె కష్టము. నాలుగేండ్ల పిల్ల జవాబు వెతుక్కొనుటకు మనము ఓర్చుకోగలిగినదానికంటె ఎక్కువ సమయము కావలెను. మనసులో నిదానముగా పది లెక్కపెట్టండి. తరువాత కూడా జవాబు రాకపోతే, "పోనీలే, రేపు మళ్ళీ చూద్దాము" అంటే చాలు.

ఒక్క చెట్టు చాలును

రోజుకొక కొత్త చోటికి తిప్పవద్దు. ఒక్క చెట్టును ఏడాది పొడుగునా చూపించండి. మన కృష్ణగిరి జిల్లా చింతపండు వ్యాపారమునకు పేరుపడినది గనుక చింతచెట్టునే ఉదాహరణగా తీసుకొందము.

ఒక చింతరెమ్మ తీసుకొంటే ఈనెకు రెండు పక్కలా చిన్న ఆకులు ఎదురెదురుగా, జతలు జతలుగా ఉంటాయి. సుమారు పది మొదలు పద్దెనిమిది జతలు. రాలిన రెమ్మను పిల్ల చేతికిచ్చి ఒక్కొక్క జతను తుంపమనండి. "ఒక జత, రెండు జతలు" అని అవ్వ పక్కనుండి అంటూ ఉండాలి. జత అనే మాటకు అర్థము నోటితో ఎంత చెప్పినా పిల్లకు పట్టదు, రెండు వేళ్ళతో తుంపితే పడుతుంది. చెప్పులు జత, కళ్ళు జత, చెవులు జత అని ఇంటికి వచ్చేదాకా పిల్లలే చెప్పుకుంటూ వస్తారు. ఒకడు తాతకు పన్ను ఒక్కటే ఉన్నది, జత లేదు అన్నాడు.

సాయంత్రము ఆలస్యముగా అదే చెట్టు దగ్గరకు పోతే ఆకులు ముడుచుకొని యుంటాయి. ఇది పెద్దవాళ్ళలోనే చాలామందికి తెలియదు. పొద్దున విచ్చుకొని, చీకటి పడేటప్పుడు ముడుచుకుంటాయి. ఒకసారి చూపిస్తే పిల్ల మరచిపోదు. ఎండలు ముదిరే ముందు కాయలు దులిపే సందడి, తరువాత చిగురు, ఆపైన పూలు. చింతపువ్వు చిన్నది, పిల్లల కంటికే బాగా కనబడుతుంది. పసుపు రేకుల మీద ఎర్రని గీతలు ఎవరో సన్న కుంచెతో గీసినట్లు ఉంటాయి. ఏడాది తిరిగేసరికి నెలలు, ఋతువులు అనే పాఠము పుస్తకము లేకుండానే సగము అయిపోతుంది.

ఇక చింతపిక్కలు. మన ఇండ్లలో వామనగుంటలు ఆడని అవ్వ ఉన్నదా? వరుసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు, పిడికెడు పిక్కలు. తమిళులు దానినే పల్లాంకుళి అంటారు. పసిపిల్లలకు పూర్తి ఆట అక్కరలేదు. మట్టిలో ఐదు గుంటలు తీసి, గుంటకొక పిక్క వేయించండి. తరువాత గుంటకు రెండు. ఒక గుంటలోనివి తీసి ముందుకు పంచమంటే ఎన్ని గుంటల వరకు వస్తాయో ముందుగా ఊహించమనండి. కూడిక, తీసివేత, పంచుట అన్నీ ఆ గుంటల్లోనే ఉన్నాయి. పెద్ద నగరములలో ఇట్టి సామాను పెట్టెలో పెట్టి వందల రూపాయలకు అమ్ముచున్నారు. మూడేండ్ల పిల్లలకు మాత్రము పిక్కలు ఇవ్వవద్దు. ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు, నోట్లో వేసుకుంటారు. వారికి పెద్ద ఆకులు, పుల్లలు, గుప్పిట నిండే రాళ్ళు చాలును.

నీడ కూడా మంచి పాఠమే. వచ్చిన వెంటనే నీడ అంచున ఒక రాయి పెట్టించండి. ఇంటికి బయలుదేరేటప్పుడు ఆ రాయి దగ్గరకు తీసుకుపోండి. రాయి ఎండలో ఉంటుంది. "నీడ నడిచిపోయింది" అన్నాడు ఒకడు. భూమి తిరుగుచున్నదని వెంటనే ఉపన్యాసము మొదలుపెట్టవద్దు. ఆ మాట వానిదిగా కొన్నాళ్ళు ఉండనివ్వండి.

పేర్ల సంగతి మరచిపోరాదు. మన ప్రాంతపు పిల్లకు ఒక్కొక్క చెట్టుకు మూడు పేర్లు తెలిసియుండుట గొప్ప లాభము. మన చింత తమిళములో పుళియమరము, కన్నడములో హుణసె మర. మన మర్రి వారికి ఆలమరము, వీరికి ఆలద మర. రావిని తమిళులు అరసమరము అంటారు, కన్నడిగులు అరళి మర అంటారు. కానుగను వారు పుంగమరము, వీరు హొంగె మర అంటారు. ముందు మన పేరు, తరువాత మిగతా రెండు. పక్కింటి తమిళ పిల్లలు, కన్నడ పిల్లలు వెంటపడితే వాళ్ళనూ కలుపుకొని కూర్చోబెట్టండి. వాళ్ళ పేర్లు వాళ్ళే చెప్తారు, మన పిల్లలకు నేర్పే శ్రమ మనకు తప్పుతుంది. మన పిల్ల ఒక పేరు నేర్పించిన గర్వముతో ఇంటికి వస్తుంది. తెలుగు మాట మరొకరికి ఉపయోగపడునని ఆ వయసులో తెలియుట చిన్న సంగతి కాదు.

జాగ్రత్తలు

ఇది మేము కష్టపడి నేర్చుకున్న భాగము. కొన్నేండ్ల క్రిందట ఒక పట్టణపు పార్కుకు పిల్లలను తీసుకుపోయాము. ఒక మూలన పచ్చగన్నేరు పొదలు వరుసగా నాటియున్నారు. చూడ ముచ్చటగా పసుపు పూలు. మేము నీళ్ళ సీసా మూత తీస్తున్నంతసేపట్లో ఐదేండ్ల పిల్లవాడు రాలిన కాయ ఒకటి తీసి కొరికాడు. పచ్చగన్నేరు గింజ గుండెకు దెబ్బతీసే విషము. నోరు కడిగించి, ఆ కాయను కూడా తీసుకొని ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాము. గింజ లోపలికి పోలేదని తేలినా సాయంత్రము వరకు ఉంచి చూశారు. పిల్లవాడు క్షేమము. ఆ ఆరు గంటలు మేము వాని తల్లి ముఖము చూడలేకపోయాము. తప్పు పూర్తిగా మాది. చెట్లు నేర్పుతామని బయలుదేరినవారికి ఆ చెట్టు ఏమిటో తెలిసియుండి కూడా ముందుగా పొదల దాకా పోయి చూడలేదు.

కావున పిల్లలను తీసుకుపోయే ముందురోజు పెద్దవారు ఒంటరిగా వెళ్ళి చుట్టు తిరిగి రావలెను. పచ్చగన్నేరు, ఎర్రగన్నేరు, ఉమ్మెత్త ఉన్న మూలకు పిల్లలను పోనివ్వరాదు. ఎరుపు నలుపు గురివింద గింజలు చూడ చక్కనివి గాని, నమిలితే ప్రాణాపాయము. ఆటకు కూడా వాడవద్దు. వయ్యారిభామ మొక్క తెల్లపూల గుత్తులతో ఖాళీ స్థలములలో దట్టముగా పెరుగుతుంది. దానివలన దురద, దగ్గు వస్తాయి. ఎవరైనా ఏదైనా మింగితే ఇంటివైద్యము చేయవద్దు, వాంతి చేయించవద్దు. మింగిన కాయనో ఆకునో చేత పట్టుకొని నేరుగా ఆసుపత్రికి పోవలెను.

ఒక పెద్దకు నలుగురు పిల్లలు, మించితే ఐదుగురు. బయలుదేరేటప్పుడు లెక్క, మధ్యలో లెక్క, తిరిగి వచ్చేటప్పుడు లెక్క. సెల్‌ఫోను సంచి అడుగున ఉండవలెను. అవసరమునకే గాని ఫోటోలకు కాదు. ఫోటో తీస్తున్న తాతకు పిల్ల కనబడదు, తెర కనబడుతుంది. ఎండ ముదరకముందే, పొద్దున ఏడు, ఎనిమిది గంటల నడుమ పోవుట మంచిది. పిల్లలు ఎండకు నల్లబడతారని కొందరు తల్లులు అభ్యంతరము చెప్పారు. నల్లబడితే వచ్చిన నష్టమేమిటో వారే చెప్పలేకపోయారు.

అంచెట్టివారికి ఒక ప్రత్యేకమైన హెచ్చరిక. మన చుట్టూ ఉన్న అడవులు 2014లో ప్రకటించిన కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యములో చేరియున్నవి. రాగి పంట చేతికి వచ్చే కాలములో ఏనుగులు చేల మీదికి వచ్చుట మీకు కొత్త కాదు. పిల్లల బడి ఊరి నడుమ ఉన్న నీడలోనే, అదియు పగటిపూటనే. అడవి అంచుకు తీసుకుపోయి ప్రకృతి చూపించవలెనన్న ఉబలాటము వద్దు.

ఏడాదికొక దూరపు ప్రయాణము

పొరుగు చెట్టుతో స్నేహము కుదిరిన తరువాత ఏడాదికొకసారి పెద్ద తోటకు తీసుకుపోవచ్చును. మన సంఘముల పిల్లలు కలిసి పోయేందుకు రెండు చోట్లు అనువైనవి. బెంగళూరు లాల్‌బాగు హైదరాలీ కాలములో 1760లో మొదలైన తోట. అక్కడి అద్దాల మేడ 1889 నాటిది. పిల్లలకు మాత్రము అద్దాల మేడకంటె కెంపెగౌడ బురుజు ఉన్న బండ ముఖ్యము. ఆ రాయి వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరములు. ఆ లెక్క ఐదేండ్ల పిల్లకు చెప్పి లాభము లేదు. చెప్పులు విడిచి ఆ బండ మీద పరుగెత్తనివ్వండి, పొద్దున చల్లగా, తరువాత వెచ్చగా ఉండుట పాదములకు తెలియనివ్వండి. జనవరి, ఆగస్టు పూలప్రదర్శనల రోజులలో మాత్రము పోవద్దు. జనము కాళ్ళే గాని పిల్లలకు పూలు కనబడవు.

రెండవది కృష్ణగిరి ఆనకట్ట దగ్గరి పార్కు. ఆనకట్ట 1957లో ప్రారంభమైనది. ఆ నీరు దక్షిణ పినాకినిది, తమిళులు తెన్‌పెణ్ణై అంటారు. ఈ నది కర్ణాటకలోని నంది కొండలలో పుట్టి, హోసూరు పక్కన కెలవరపల్లి ఆనకట్ట దాటి ఇక్కడికి వస్తుంది, కడలూరు దగ్గర సముద్రములో కలుస్తుంది. అదే నంది కొండలలో పుట్టిన ఉత్తర పినాకిని, అనగా మన పెన్న, అనంతపురము, కడప మీదుగా నెల్లూరుకు పోతుంది. మన పాఠకులలో నెల్లూరు వైపునుండి వచ్చి ఈ నేలలో స్థిరపడిన కుటుంబములు ఉంటే, మనుమడిని ఒడిలో కూర్చోబెట్టుకొని ఆ నీళ్ళు చూపిస్తూ, "దీని అక్క మన ఊరిలో ఉన్నది రా" అని చెప్పండి. పటము తరువాత చూడవచ్చును. నీటి అంచుకు మాత్రము పెద్దవారి చేయి పట్టుకోకుండ ఏ పిల్లా పోరాదు.

ప్రయాణములు ఏడాదికొకసారే. మిగతా దినములు ఇంటి పక్క నీడే. వారమునకు మూడు దినములు, దినమునకు గంటసేపు అయితే అవ్వలకు అలుపు రాదు, పిల్లలకు విసుగు రాదు. ఆదివారము ఆరాధన ముగిసి పెద్దలు లెక్కలు, కమిటీ మాటలు మాట్లాడుకొనే గంటలో కూడా, ప్రాంగణములో ఒక చెట్టు ఉంటే ఇద్దరు అవ్వలు ఈ పని మొదలుపెట్టవచ్చును. అంచెట్టిలో ముగ్గురు అవ్వలు మొదలుపెట్టారు. ఒకరికి సంతకము కూడా రాదు. పిట్టల గూళ్ళ సంగతి మాకంటె ఆమెకే ఎక్కువ తెలుసునని తేలినది. ఇప్పుడు మేము ఆమె దగ్గర కూర్చొని వింటున్నాము.

"బిగ్ ట్రీ" అన్న పాప సంగతి చెప్పి ముగిస్తాము. మరుసటి ఏడు తొలకరికి, ఆరుద్ర కార్తెలో వాన వెలిసిన మరునాడు, తడి నేల మీద ఎర్రని మఖమలు గుడ్డ ముక్కవలె పురుగు ఒకటి పాకుచున్నది. మేము దానిని ఆరుద్ర పురుగు అంటాము. మీ ఇండ్లలో మరొక పేరు ఉంటే రాసి పంపండి, లేదా సభలకు వచ్చినప్పుడు చెప్పండి. పాప చాలాసేపు దాని పక్కన చతికిలబడి కూర్చున్నది. మేము ఏమీ అడగలేదు. కొంతసేపటికి తానే లేచి వచ్చి, "తాతా, చీమకు ఆరు కాళ్ళు. దీనికి ఎనిమిది. ఇది చీమ కాదు" అన్నది. మేము కళ్ళద్దాలు పెట్టుకొని వంగి లెక్కపెట్టాము. ఎనిమిదే.